పట్టాయకు నేనే పోతా

బ్యాంకాక్ పోతున్నామనో సింగపూర్ పోతున్నామనో చెప్పి, “ఏమేం పట్టుకపోవాలె?” అని బాన్సువాడలో చాలామంది నన్ను అడుగుతారు. అడిగినవాళ్ళందరికీ ముందు ఒకటే చెప్తాను, చెంబు పట్టుకుపొమ్మని. నవ్వుతారు. నవ్వితే నవ్వండి, నాకేం పోయింది! ఎంత పెద్ద హోటలైనా బాత్రూంలో గోడనిండా అద్దాలుంటాయి గానీ చెంబుండదు, బకెట్టుండదు. మొదటిరోజు పొద్దున్నే ఆ సంగతి తెలిసొస్తుంది, అప్పుడు నేను గుర్తొస్తాను.

ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి కూడా పట్టుకెళ్ళండి. టూరు వాళ్ళు ఇండియన్ ఫుడ్డని ఊరించి పూటపూటకీ ఆలుగడ్డే పెడతారు. హోటలు పేరున్న కార్డు బ్యాగులో కాదు, ఒంటిమీద దాచుకోండి. జెండా పట్టుకొని ముందు నడిచే గైడును నమ్ముకొని దారి చూడకుండా నడవకండి. ఆడవాళ్ళు సముద్రంలో దిగేటప్పుడు కాటన్ చీర కట్టకండి, తడిస్తే బరువెక్కుతుంది, అల వెనక్కి పోయేటప్పుడు చీరతోపాటు మనిషినీ ఈడుస్తుంది. నైలాన్ చీర కట్టుకొని, నాట్లు వేసేటప్పుడు ఎగ్గట్టినట్టు మోకాళ్ళ పైకి ఎగ్గట్టండి. చూసేవాళ్ళు చూడనీ. అక్కడ మిమ్మల్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు, మనూరి వాళ్ళకు తప్ప.

ఇవన్నీ చిన్న సంగతులు. పెద్ద సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తున్నాను. మీకు వచ్చిన సీటులో ఇంకొకరిని పంపకండి. బతిమాలినా పంపకండి, బెదిరించినా పంపకండి. నేను పంపలేదు. పంపి ఉంటే ఇవాళ ఎరువుల దుకాణంలో గల్లాపెట్టె ముందు నా బదులు నా మరిది కూర్చునేవాడు, నేను వాళ్ళింట్లో బియ్యం ఏరుకుంటూ ఉండేదాన్ని.

మాది బాన్సువాడలో ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం. తొంభైల్లో నా భర్త బోధన్ రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. దినాలు గడిచాయో లేదో చుట్టాలంతా కూర్చొని, దుకాణం మరిదికి అప్పజెప్పమన్నారు. ఆడమనిషి యూరియా బస్తాల నడుమ ఏం కూర్చుంటుందన్నారు. నేను మర్నాడు పొద్దున షట్టరు ఎత్తి కూర్చున్నాను. మొదట్లో రుద్రూర్, బిచ్కుంద రైతులు లోపలికి తొంగిచూసి “సేటు లేడా?” అనేవాళ్ళు. “సేటు నేనే, ఏం గావాలె?” అనేదాన్ని. వరిలో మొగిపురుగుకు ఏం కొట్టాలో, అగ్గితెగులుకు ఏం కొట్టాలో, చెరుకుకు ఏ ఎరువు ఎప్పుడెయ్యాలో నేర్చుకున్నాను. జుక్కల్ నుంచి మరాఠీ కలిపి మాట్లాడే రైతులొస్తే ఏం కావాలని “కాయ్ పాహిజే?” అంటూ వాళ్ళ మాటలోనే అడగడం కూడా నేర్చుకున్నాను. కొన్నేళ్ళకు తొంగిచూడడం మానేసి నేరుగా వచ్చి కూర్చోసాగారు.

ఒక్కటే నా చేతిలో లేదు. దుకాణం నడిచే గది, మేం మడిగె అంటాం, అది మా అత్త పేరు మీద ఉంది. ఆమె చిన్నప్పటినుంచీ బీడీలు చుట్టి కూడబెట్టుకున్న పైసలతో కొన్నది. అత్త ఎవరికి ఇస్తే దుకాణం వాళ్ళది. మరిది ఆ మడిగె కోసం తల్లి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అత్త అతనికి ఇస్తాననలేదు, నాకిస్తాననీ అనలేదు. ఏళ్ళకేళ్ళు అలాగే నెట్టుకొచ్చింది.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు మా దిక్కు వరికి దోమపోటు విపరీతంగా వచ్చింది. ఒక కంపెనీ మందు నా దుకాణంలో అమ్ముడుపోయినంత చుట్టుపక్కల ఎక్కడా పోలేదు. కంపెనీ ఆఫీసరు మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఆయనది కోస్తా వైపు.

“కంగ్రాట్స్ మేడమ్! బ్యాంకాక్, పట్టాయ ట్రిప్పు. మీ షాపుకి రెండు సీట్లండీ,” అన్నాడు. నేను సంతోషపడేలోపే గొంతు తగ్గించి, “మీ మరిదిగారిని పంపుతారుగా?” అన్నాడు.

“ఎందుకు పంపుత?”

“అక్కడ అందరూ మగవాళ్ళే మేడమ్. నలభై మంది డీలర్లు. అక్కడి వాతావరణం కూడా... మీకు బాగోదు.”

“మందమ్మింది ఎవలు సార్?”

“మీరేనండీ.”

“మరి సీటెవలది?”

ఆయన మిఠాయి డబ్బా నా ముందుకు జరిపి వెళ్ళిపోయాడు.

అది ఉత్త షికారు కాదు. పట్టాయ హోటల్లో పెద్ద మీటింగు పెట్టి, వచ్చే ఏడాది మా ప్రాంతమంతటికీ డీలరు ఎవరో తేల్చి అక్కడే సంతకాలు చేయించుకుంటారు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే కంపెనీ లెక్కలో వాళ్ళే దుకాణందారు. ఈ సంగతి నాకు తెలుసు, మరిదికి ఇంకా బాగా తెలుసు. అతను అప్పటికే పాస్‌పోర్టు తీసుకొని ఉన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొత్త సూట్‌కేసు కూడా కొనిపెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాడు. అత్త చేటలో తునికాకులు పెట్టుకొని బీడీలు చుడుతోంది. చుట్టాల్సిన అవసరం అప్పుడేం లేదు గానీ చేతులు ఊరుకోవని చుట్టేది.

“ఏంది వదినా, నువ్వు పోతవట? నలభై మంది మొగోళ్ల నడుమల?”

“పోత. ఏమైతది?”

“ఇజ్జత్ పోతది.”

“ఎవలిది? నా ఇజ్జత్ నాకెర్కనే. నీది పోతదంటె నువ్వు ఇంట్ల ఉండు, భద్రంగ ఉంటది.”

అతను నాతో లాభం లేదని తల్లి వైపు తిరిగాడు. ఆ మనిషి అంతే, అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. “అమ్మా, మడిగె నీది. నువ్వు ఒక్క మాట జెప్పు. ముండమోసిన ఆడిది పట్టాయ పోతదా? నలుగురు ఏమంటరు?”

ఆ మాటకు నా ఒళ్ళు మండింది. అత్త చుట్టిన బీడీకి దారం కట్టి, కట్టలో పెట్టి, అప్పుడు తలెత్తింది.

“రెండు సీట్లు అన్నడు గదా ఆఫీసరు,” అంది. “రెండోది నాకు. నేను గూడ పోత.”

అత్త హైదరాబాదు కూడా సరిగా చూసిన మనిషి కాదు. మరిది ముందు బిత్తరపోయి, తర్వాత ఆలోచించుకొని నవ్వాడు. “మంచిదే. కావలి ఉంటవు. గాడ జరగరానిది ఏమన్న జరిగిందనుకో, అచ్చినంక మడిగె నా పేరు మీద జెయ్యాలె. సరేనా?”

“సరె తియ్,” అంది అత్త.

అంటే నా మీద కావలి పెట్టి మరీ పంపుతున్నారు నన్ను! నేను అక్కడ కాలు జారితే దుకాణం పోయినట్టే. జారకపోయినా, ఈ ముసలామె వచ్చి ఏదో ఒకటి చెప్పినా పోయినట్టే. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. అయినా తిన్నాను, వీళ్ళ కోసం నేను పస్తులెందుకుండాలి?

పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులు దుకాణంలో అటూ ఇటూ చూసి, “మొగోళ్లు ఎవరూ లేరా అమ్మా?” అన్నాడు. “పాస్‌పోర్టు మొగోళ్లకు గాదు సార్, నాకు,” అన్నాను. “ఈ వయసుల ముసలమ్మకెందుకు?” అని అత్తను చూపించాడు. అత్త ఊరుకుంటుందా! “నీకు పింఛను అచ్చినంక నువ్వు గూడ పో బిడ్డా, ఎవలద్దన్నరు,” అంది. ఆయన నవ్వుకుంటూ టీ తాగి వెళ్ళాడు.

విమానంలో డీలర్లంతా మమ్మల్ని చూసి సర్దుకొని కూర్చున్నారు. కొందరు తాగుతున్న గ్లాసులు సీటు కింద దాచారు. అత్త వెనక్కి తిరిగి గట్టిగానే చెప్పింది, “తాగితె తాగుండ్రి బిడ్డా, మా మీద కక్కకుండ్రి. గంతే.” నవ్వులు మొదలయ్యాయి. అయినా ఒకాయనకు మాత్రం మేం రావడం అస్సలు నచ్చలేదు. బ్యాంకాక్‌లో బస్సెక్కేటప్పుడు నా దగ్గరకొచ్చి, “అక్కా, మీరుంటె మాకు ఫ్రీగ లేదు,” అన్నాడు. “ఫ్రీగ లేకుంటె కండ్లు మూసుకో అన్నా,” అన్నాను. “నేను నా టార్గెట్ కొట్టి అచ్చిన, నీ వెంబడి రాలే.” ఆయన మళ్ళీ నా జోలికి రాలేదు.

ఆడవాళ్ళకు ఇది కూడా ఒక సలహాగా చెప్తాను. గుంపులో పోయినప్పుడు మిమ్మల్ని చూసి ఎవరికో ఇబ్బందిగా ఉందని మీరు గదిలో కూర్చోకండి. గైడు మమ్మల్ని అలాగే కూర్చోమన్నాడు. “లేడీస్ రూములో రెస్టు” అన్నాడు. మగవాళ్ళు వాళ్ళు చూడాల్సినవి చూడడానికి పోయారు. మేం ఇద్దరం గది తాళం వేసుకొని బజారున పడ్డాం. రవికలో హోటలు కార్డు, చేతిలో రొట్టెల సంచి. రోడ్డు పక్కన ఒక ఆమె బండి మీద జామకాయలు కోసి అమ్ముతోంది. పక్కన చిన్న పొట్లంలో ఉప్పూ కారం. అత్త సంబరం చూడాలి! “పిల్లా, గీళ్లు గూడ మన లెక్కనే జామకాయల ఉప్పుకారం అద్దుకుంటున్నరే! గింత దూరం అచ్చి గీళ్లు మనోళ్లేనాయె!” కారంలో చక్కెర కలిపారని తిన్నాక తెలిసింది. “గదొక్కటి పాడు జేసిండ్రు,” అంటూనే కాయంతా తినేసింది.

కాళ్ళు ఒత్తే దుకాణం కనబడితే నేనే లోపలికి లాక్కెళ్ళాను. తోటి డీలర్లు వింటే ఏమనుకుంటారోనని అత్త జంకింది. “కాళ్ల నొప్పులు మనకు లెవ్వా?” అని కూర్చోబెట్టాను. ఒక అమ్మాయి వచ్చి అత్త పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. అత్త కంగారుపడి కాళ్ళు లాక్కోబోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ కాళ్ళు ఎవరూ పట్టలేదు. అంతా అయ్యాక ఆ అమ్మాయి వాళ్ళ పద్ధతిలో రెండు చేతులు జోడించింది. ఆశీర్వాదం అడుగుతోందనుకొని అత్త ఆమె తల మీద చెయ్యి పెట్టి, “నిండు నూరేండ్లు సల్లగ బతుకు తల్లీ,” అంది. ఆ పిల్లకు ఏం అర్థమైందో గానీ కళ్ళు మెరిశాయి. నేను నవ్వుతున్నాను గానీ లోపల ఒకటే గుబులు, ఈమె ఇంటికి పోయి ఇవన్నీ కొడుక్కి ఎలా చెప్తుందో అని.

పట్టాయలో దిగిన మర్నాడు పొద్దున మీటింగు. బొంబాయి నుంచి వచ్చిన పెద్దాయన ఒక్కొక్కరినే పిలిచి చేయి కలిపి సంతకాలు చేయిస్తున్నాడు. బాన్సువాడ వంతు వచ్చింది. నేను లేచాను. మన ఆఫీసరు అడ్డొచ్చి పెద్దాయన చెవిలో ఏదో అన్నాడు. తర్వాత నా దగ్గరకొచ్చి నీళ్ళు నమిలాడు.

“మేడమ్, మీ మరిదిగారు ఫోన్ చేశారండీ. షాపు స్థలం విషయం ఇంకా తేలలేదట కదా. స్థలం ఎవరికిస్తారో ఓనరుగారు చెబితే గానీ డీలర్‌షిప్ ఇవ్వలేమంటున్నారు.”

అంత దూరం నుంచి కూడా చెయ్యి చాపాడు మహానుభావుడు! నాకు దుఃఖం కాదు, కోపం వచ్చింది. “ఓనరు గిక్కడనే ఉన్నది, అడుగుండ్రి,” అన్నాను. ఆఫీసరు అత్తను ముందుకు తీసుకెళ్ళాడు. పెద్దాయన హిందీలో అడిగాడు. అత్తకు ఉర్దూ బాగానే వచ్చు, బాన్సువాడ బజారులో పెరిగిన మనిషికి రాకుండా ఉంటుందా! హాలంతా చూస్తోంది. అత్త నా వైపు చూసింది, పెద్దాయన వైపు చూసింది.

“సముందర్ దేఖ్‌నే కే బాద్ బోల్‌తీ,” అంది.

సముద్రం చూశాకే చెప్తానంటోందని హాలంతా గొల్లున నవ్వింది. పెద్దాయన కూడా నవ్వి, రేపు పొద్దుటిదాకా ఆగుతానన్నాడు. నేను మాత్రం నవ్వలేదు. గదికి వచ్చాక అడిగాను, “ఏందత్తా గది? నా బతుకు నీకు ఆటలెక్క ఉన్నదా?” ఆమె సంచిలోంచి పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ తీసి కొంగులో కట్టుకుంది. “నడువు, తానానికి,” అంది.

అప్పుడర్థమైంది నాకు, ఆమె బీచికి రాలేదు, తీర్థానికి వచ్చింది. లోకం ఎందుకోసం పట్టాయ పోతుందో ఆ సంగతి ఆమెకు పట్టలేదు. సముద్రమంటే గంగమ్మ, అంతే. ఒడ్డంతా గొడుగుల కింద తెల్లవాళ్ళు పడుకొని ఎండ కాగుతున్నారు. మా డీలర్లు నీళ్ళలో ఎగిరే పడవల దగ్గర కేకలు పెడుతున్నారు. వీళ్ళందరి మధ్య అత్త చీర ఎగ్గట్టుకొని, ఇసుకలో పసుపు కుంకుమ పెట్టి, ఒక రాయి వెతికి కొబ్బరికాయ కొట్టింది. కావలివాడు ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అత్త వాడి చేతిలో కొబ్బరిముక్క పెట్టింది. వాడు కాసేపు దాన్నే చూసి, ఈల జేబులో వేసుకొని తింటూ పోయాడు.

నీళ్ళు నడుముదాకా వచ్చేవరకు చెయ్యి చెయ్యి పట్టుకొని నడిచాం. సముద్రంలో అలకు ఎదురుగా నిలబడకూడదు, పక్కకు తిరిగి నిలబడాలి. అది మాకు రెండుసార్లు పడ్డాక తెలిసింది. ఉప్పునీళ్ళు మింగి దగ్గుతూ అత్త అంది, “పిల్లా, ఏమన్న ఒకటి ఇడువాలె.”

మా వైపు ఆచారం అది. కాశీకి పోయి గంగలో మునిగినవాళ్ళు ఒక కాయో పండో అక్కడ విడిచిపెట్టి వస్తారు. మళ్ళీ జన్మలో దాన్ని ముట్టరు. ఇష్టమైంది విడవాలంటారు గానీ సగం మంది కాకరకాయే విడుస్తారు.

“నువ్వు ఏం ఇడుస్తవే?” అని అడిగింది.

ఎక్కడ దాచుకున్నానో అదంతా, ఒక్కసారి పైకొచ్చింది. “నేను ఏం ఇడువాలత్తా? ఇంక ఇడువనీకె నా తాన ఏమున్నది? బొట్టు ఇడువుమన్నరు, ఇడిషిన. గాజులు, మట్టెలు, పూలు, అన్ని ఇడిషిన. పెండ్లిండ్లల్ల ముందట నిలవడద్దన్నరు, గదీ ఇడిషిన. రంగు చీర కడితె నీ కొడుకు మూతి తిప్పిండు, గదీ ఇడిషిన. ఇప్పుడు దుకాణం ఇడువుమంటున్నరు. కాశిల దేవుడే అచ్చి చెప్పినా నేనింక ఏం ఇడువ. కాకరకాయ గూడ ఇడువ!”

అరిచాను. అలల హోరులో ఎవరికీ వినబడి ఉండదు, అత్తకు తప్ప. ఆమె నా చెయ్యి వదల్లేదు. ఆమె కూడా అవన్నీ విడిచిన మనిషే కదా, నాకంటే ముందు. ఆ క్షణాన నాకా ఆలోచన రాలేదు, వచ్చినా నా కోపం తగ్గేది కాదు.

“సరె, నువ్వు ఇడువకు,” అంది చివరికి. “నేను ఇడుస్త.”

నా చెయ్యి పట్టుకొనే మూడు మునకలు మునిగింది. మూడోసారి లేచి, ముఖం మీది నీళ్ళు తుడుచుకోకుండానే తూర్పుకు దండం పెట్టి గట్టిగా అంది. “గంగమ్మ తల్లీ, నా మడిగె ఇడుస్తున్న. ఇగ గది నాది గాదు. నడిపేది నా కోడలు, గది దానిది. మళ్ల దాన్ని నేను ముట్ట, నాదనే మాట నా నోట్లెకెల్లి రాదు.”

నేను అక్కడే నీళ్ళలో ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను, సిగ్గేముంది చెప్పడానికి! అత్త మాత్రం, “నడువు నడువు, చీరల ఇసుక బోయింది, మస్తు కరుస్తున్నది,” అని ఒడ్డుకు లాక్కొచ్చింది. మర్నాడు పొద్దున పెద్దాయనకు ఉర్దూలో అదే మాట చెప్పింది. ఆయన సంతకాల కాగితం నా ముందు పెట్టాడు. నేను పెట్టిన సంతకం అందరికంటే పెద్దగా ఉండాలని కావాలనే పెద్దగా పెట్టాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి ఇంటికొచ్చాను, ఇల్లు ఇంకా మిగిలే ఉంది. మరిది బస్టాండుకే వచ్చాడు. “ఏమాయెనే అమ్మా? ఏం జేసింది గాడ?” అని దారిలోనే మొదలుపెట్టాడు.

“మస్తు తిరిగింది,” అంది అత్త. “నేను గూడ తిరిగిన. జామకాయలు తిన్నం. కాళ్లు ఒత్తిచ్చుకున్నం. సముద్రంల తానం జేసినం. మడిగె గాడ ఇడిషి అచ్చిన.”

అతనికి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చూడాలి రంకెలు! దుకాణమేమన్నా కూరగాయా, గంగలో వదలడానికి అన్నాడు. ముసల్దానికి నేను ఏదో తాగించానన్నాడు. మూడోనాడు కులపెద్దలను మా వాకిట్లోకి పిలిపించాడు. వాళ్ళలో అందరికంటే పెద్దాయన కాశీలో మామిడిపండు విడిచొచ్చిన మనిషి. ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదీ రసాలు జుర్రుతుంటే ఆయన అరుగు మీద మజ్జిగ తాగుతూ కూర్చునేవాడు. అందరూ ఆయన వైపే చూశారు. ఈయన కాదంటే, సంతకం ఉండి కూడా దుకాణం ఉండదు.

“నీళ్లల్ల మూడు మునకలు మునిగినవా?” అని అత్తను అడిగాడు.

“మునిగిన.”

“నోటితోటి అన్నవా, మనసుల అనుకున్నవా?”

“నోటితోటే అన్న. నా కోడలు ఇన్నది.”

మరిది తట్టుకోలేకపోయాడు. “గది కాశి గాదు పెదనాయినా! పట్టాయ! గాడ ఏమేం నడుస్తయో, ఎవ్వలెవ్వలు తిరుగుతరో మీకెర్కనా?”

పెద్దాయన అతని వైపు తిరిగాడు. “నీకెట్లెర్క రా?”

వాకిట్లో ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కిటికీ పక్కన నిలబడ్డ మరిది పెళ్ళాం కూడా నవ్వింది, నేను చూశాను. అతను ముఖం ఎర్రగా చేసుకొని, “అట్లగాదు, సముద్రం ఏడ, తీర్థం ఏడ...” అని నసిగాడు.

“నీళ్లకు ఊరుంటదా రా?” అంది అత్త. “నీళ్లు ఎక్కడైన నీళ్లే.”

పెద్దాయన నెమ్మదిగా అన్నాడు, “సముద్రంల గంగ గూడ కలుస్తది. ఇడిషింది ఇడిషినట్టే. మళ్ల ముట్టుమంటె పాపం ఆమెకు గాదు, ముట్టుమన్నోనికి తగులుతది.” మిగతా పెద్దలు తలలూపారు. ఆ మాటకు మా వైపు ఎదురు లేదు. మరిది తువ్వాల విసిరికొట్టి బయటికి పోయాడు.

పెద్దాయన లేవబోతూ నా వైపు చూశాడు. అక్కడున్నవాళ్ళంతా కూడా నా వైపే చూశారు. “మరి నువ్వేం ఇడిషినవు బిడ్డా?” అన్నాడు. మొగుడు పోయిన ఆడది ఏం చెప్పాలో వాళ్ళకొక లెక్క ఉంటుంది, ఆ మాట కోసమే చూస్తున్నారు.

“నేనేం ఇడువలే పెద్దమామా,” అన్నాను, తల దించకుండా. “ఇగ ఇడువ.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చేతికర్ర వెతుక్కొని లేచి నిలబడ్డాడు.

“యూరియా ఎప్పుడస్తది?” అని నన్నడిగాడు.